సవరమా, కుట్టించుకునే జుట్టా: ఏది మేలు?

తిరుపతిలో పెళ్ళికూతుళ్ళకు జడలు వేసే పని నాది. "అక్కా, సవరం పెడితే తాళి కట్టేదాకా నిలుస్తుందా?" అని అడిగేవాళ్ళు ఒకప్పుడు. ఇప్పుడు కొండ మీద గుండు చేయించుకుని వచ్చి, జుట్టు కాస్త మొలవగానే ఇంకోటి అడుగుతున్నారు. "కుట్టే ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకుంటే రెండు నెలలు చూసుకోనక్కర్లేదంట కదా? మన జుట్టును కాపాడతాయంట కదా?" వారానికి ఇద్దరైనా ఇదే మాట. పోయినేడు నేనూ కుట్టించుకున్నాను కాబట్టి వివరంగానే రాస్తాను.

ముందు ఆ "కాపాడతాయి" అనే మాట సంగతి. ఇట్లా జుట్టు కుట్టించుకోవడం నల్లజాతి ఆడవాళ్ళ తలల మీద పెరిగిన విద్య. అమెరికాలో క్రిస్టినా జెన్‌కిన్స్ అనే నల్లజాతి మహిళ 1950ల మొదట్లో దీనికి పేటెంట్ తీసుకుంది. వాళ్ళ జుట్టు ఎక్కువగా చిన్న చిన్న చుట్టలు తిరిగి, పొడిగా ఉంటుంది. రోజూ దువ్వితే తెగిపోతుంది. అందుకని తలకు ఆనించి సన్న జడలుగా అల్లేసి, వాటి మీద వంకర సూదితో జుట్టు పట్టీలు కుడతారు. లోపల దాగిన సొంత జుట్టుకు దువ్వెన తగలదు, వేడి తగలదు, ఎండ తగలదు. ప్రొటెక్టివ్ స్టైల్ అన్న పేరు అందుకే వచ్చింది. కాపాడేది లోపలి అల్లిక. పైన కుట్టిన జుట్టు అందం కోసం, దాని బరువు మాత్రం ఆ అల్లికే మోయాలి.

మనలో చాలామంది జుట్టు సాఫీగా ఉంటుంది, అల్లితే జారుతుంది. జారకుండా నిలవాలంటే గట్టిగా బిగించాలి. బిగిస్తే కుదుళ్ళను లాగుతుంది. ఏది మేలో తేల్చేది నా లెక్కలో ఈ లాగుడే. ధర, అందం, సౌకర్యం అన్నీ దాని తర్వాతే.

నేను వేరే ఊళ్ళో ఒక సెలూన్లో కుట్టించుకున్నాను. మూడున్నర గంటలు కూర్చోబెట్టారు. అద్దంలో చూసుకుంటే నడుము దాకా జుట్టు, నిజంగా బాగుంది. ఆ రాత్రి దిండు మీద తల ఆనించలేకపోయాను. నొప్పి మాత్ర వేసుకుని పడుకున్నాను. "మొదట్లో రెండు రోజులు అట్లే ఉంటుంది" అన్నారు, నమ్మాను. మూడో రోజు ముఖం కడుక్కుంటుంటే కణతల దగ్గర వేలికి గరుకుగా తగిలింది. చూస్తే వెంట్రుక మొదళ్ళలో ఆవగింజలంత ఎర్రటి పొక్కులు. ఆ రోజే మా చెల్లెలి చేత ముందు వరసలు రెండూ విప్పించేశాను.

ఎవరు ఏం చెప్పినా నమ్మకండి, నిద్ర పట్టనంత నొప్పి ఉందంటే అది బిగుతు ఎక్కువైనట్టే. సర్దుకుంటుందిలే అని ఆగొద్దు, ఆ రోజే వదులు చేయించండి. కుదురును అదేపనిగా లాగుతూ ఉంటే వచ్చే బట్టతలను ట్రాక్షన్ అలోపీషియా అంటారు. నొప్పి, పొక్కులు, నుదుటి అంచున తెగిపోయిన పొట్టి వెంట్రుకలు, కణతల దగ్గర పలచబడటం, ఇవి మొదటి గుర్తులు. అప్పుడే ఆపేస్తే జుట్టు మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి లాగితే కుదురు మచ్చ కట్టి మూసుకుపోతుంది, ఇక అక్కడ మొలవదు. కొండ మీద ఇచ్చిన జుట్టు తిరిగి మొలుస్తుంది. ఇట్లా పోయింది మొలవకపోవచ్చు. నాకు బాధంతా అక్కడే.

రెండోది తలస్నానం. మనకు వారానికోసారి నూనె పెట్టి తలంటుకోవడం అలవాటు. కుట్టించుకున్న తలకు కుంకుడుకాయ పనికిరాదు, పిప్పి అల్లికల్లో ఇరుక్కుంటుంది. షాంపూను నీళ్ళలో కలిపి, సన్న మూతి సీసాతో పాయల మధ్య పోసి, వేళ్ళ కొసలతో మెల్లగా రుద్దాలి. అసలు పని ఆ తర్వాతే. పైజుట్టు గంటలో ఆరిపోతుంది, లోపలి జడలు ఆరవు. సాంబ్రాణి పొగ వేసుకుంటే వాసన వస్తుందే గానీ తడి పోదు. డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి, పాయ పాయా ఎత్తి ఆరబెట్టడానికి నాకు ముప్పావు గంట పట్టేది. ఒక ఆదివారం తొందరలో అట్లే వదిలేస్తే బుధవారానికి తడిబట్ట మూటగట్టినట్టు ముక్కిన వాసన.

ఇంత చెప్పాక కూడా కావాలనేవాళ్ళు ఉంటారు. ఒత్తుగా, ఉంగరాలు తిరిగిన జుట్టున్న వాళ్ళకు నేను వద్దనను, వాళ్ళకు అల్లిక బిగించకుండానే నిలుస్తుంది. సొంత జుట్టు తల అంతా కనీసం నాలుగంగుళాలు ఉండాలి. నుదుటి అంచున, కణతల దగ్గర ఉన్న సన్న వెంట్రుకలను అల్లికలో కలపనివ్వకండి. పైన కుట్టే జుట్టు కట్టలు తక్కువ పెట్టించుకోండి. ఒక్కో కట్ట మామూలుగా వంద గ్రాములు ఉంటుంది, అట్లాంటివి మూడు పెడితే పగలూ రాత్రీ తల మోస్తూనే ఉండాలి. ఆరు వారాలకు విప్పించండి, ఎనిమిది దాటనివ్వొద్దు. రాత్రి శాటిన్ గుడ్డ చుట్టుకోండి. విప్పిన తర్వాత రెండు మూడు వారాలైనా తలను ఊరికే వదిలేయండి. కాన్పు తర్వాత జుట్టు ఊడే నెలల్లో మాత్రం అసలు వద్దు.

విప్పిన రోజు గుప్పెడు జుట్టు చేతికొస్తుంది, భయపడకండి. మామూలుగానే రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి. ఆరు వారాలు అవి అల్లికలోనే ఇరుక్కుని ఉంటాయి కాబట్టి రెండు వేల నుంచి నాలుగు వేల దాకా ఒక్కసారిగా బయటపడతాయి. నాకు ముందే తెలిసినా ఆ ముద్ద చూసి గుండె జల్లుమంది.

ఇక సవరం. దాని గొప్ప ఒక్కటే, రాత్రికి తీసేయొచ్చు. బరువు దానికీ ఉంది, జడకుప్పెలు, పూలు కలిస్తే కుట్టు జుట్టు కంటే ఎక్కువే ఉండొచ్చు. అయితే ఆ బరువు కొన్ని గంటలే. పైగా జుట్టంతా ఒక్కచోటికి చేర్చి కడతాం కాబట్టి ఏ ఒక్క కుదురు మీదా పడదు. అయినా నడినెత్తిన బిగించి కట్టడం తప్పు. నేనైతే మెడ వెనక వదులుగా బ్యాండు వేసి, సవరం తాడును దాని చుట్టూ తిప్పి, మూడు పాయల్లో కలిపి అల్లుతాను. రెండు మూడు మలుపులు తిరిగాక సవరం ఎక్కడ మొదలైందో నాకే కనిపించదు. రిసెప్షన్ అయిపోయాక, ఎంత పొద్దుపోయినా సరే, తీసే పడుకోమని పెళ్ళికూతురి అమ్మకు చెప్పి వస్తాను. మరుసటి రోజు సవరాన్ని వేరుగా కడిగి ఆరేసుకుంటే చాలు. మన జుట్టుకు మన తలంటు మనకుంటుంది.

క్లిప్పులవి కూడా సవరం లాంటివే. జడ కాకుండా జుట్టు వదిలేసుకునేవాళ్ళకు మంచివి. రోజూ ఒకేచోట పెట్టకుండా జాగా మారుస్తూ ఉండండి, పెట్టుకుని నిద్రపోకండి. టేపువి నూనె తగిలితే ఊడొస్తాయి, మన ఇళ్ళలో కుదరదు. జిగురు పెట్టి అంటించేవి తీసేటప్పుడు సొంత జుట్టూ తెగొస్తుంది, వాటి జోలికి వెళ్ళొద్దు.

ఏది కొన్నా జుట్టు ఎట్లాంటిదో చూసుకోండి. కల్యాణకట్టలో ఇచ్చిన జుట్టును టీటీడీ పొడవును బట్టి రకాలు చేసి వేలం వేస్తుంది. అన్నిటికంటే పొడవున్నది మొదటి రకం. తల నుంచి నేరుగా తీసిన జుట్టును మొదళ్ళూ కొసలూ తారుమారు కాకుండా ఉంచితే వెంట్రుక మీది పొలుసులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి, చిక్కు పడదు. దాన్నే రెమీ అంటారు. స్టీలు సామాన్లకు మార్చుకుపోయే దువ్వెన జుట్టులో మొదళ్ళూ కొసలూ కలిసిపోయి ఉంటాయి. యాసిడ్‌తో పొలుసు తీసి, మెరుపు పూసి అమ్ముతారు. నాలుగు స్నానాలకు ఆ మెరుపు పోయి పీచులా తయారవుతుంది. అంగట్లో ఒక పాయ తీసుకుని మొదలు నుంచి కొసకు, మళ్ళీ కొస నుంచి మొదలుకు వేళ్ళతో నిమరండి. కొస వైపు నిమిరితే నునుపుగా, ఎదురు నిమిరితే కొద్దిగా గరుకుగా తగిలితే అది మంచి జుట్టు.

గుండు తర్వాత ఎన్నాళ్ళకు అంటారా? జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. ఆరు నెలలకు మూడంగుళాలు, కుట్టడానికి చాలదు. క్లిప్పులకు ఎనిమిది నెలలు, ఏడాది ఆగాలి. మెడ వెనక బ్యాండుకు అంది సవరం నిలవాలంటే ఏడాదిన్నర.

మొన్న వచ్చిన అమ్మాయి నవంబరులో మొక్కు తీర్చుకుంది, మే నెలలో తిరుచానూరులో పెళ్ళి. ఎట్లాగైనా కుట్టమంది. మూడంగుళాల లేత జుట్టు మీద సూది పెట్టడానికి నాకు మనసొప్పలేదు. తలకు సరిపోయే విగ్గు చేయించి, దానికే సవరం కలిపి జడ వేసి, కుప్పెలు కట్టి ఇస్తానన్నాను. మొదట ముఖం చిన్నబుచ్చుకుంది, తర్వాత సరేనంది. తల కొలత తీసుకోవడానికి ఏప్రిల్ మొదటి వారంలో రమ్మన్నాను.