లీ సైన్యం తప్పించుకోజూసిన దారి: పీటర్స్‌బర్గ్ నుంచి అపొమాటాక్స్ దాకా రోడ్డు పక్క బోర్డులపై సమీక్ష

అమెరికా అంతర్యుద్ధం చివర్లో, 1865 ఏప్రిల్ 2 రాత్రి పీటర్స్‌బర్గ్ వదిలిన దక్షిణాది (కాన్ఫెడరేట్) జనరల్ రాబర్ట్ లీ సైన్యం, ఏప్రిల్ 9న అపొమాటాక్స్ కోర్ట్‌హౌస్ అనే ఊళ్ళో ఉత్తరాది (యూనియన్) సైన్యానికి లొంగిపోయింది. మధ్యలో నడిచిన దారి పొడవునా, వంద మైళ్ళ పైచిలుకు, వర్జీనియా రోడ్ల పక్కన ఆ వారం కథ చెప్పే బోర్డులున్నాయి. రిచ్‌మండ్ చుట్టుపక్కల, ఉత్తర వర్జీనియాలో ఉండే తెలుగు కుటుంబాలు ఒక శనివారం మొత్తం కేటాయించదగ్గ దారి ఇది. మా తీర్పు ముందే చెప్తున్నాం: వరస తప్పకుండా చూస్తే, అమెరికా అంతర్యుద్ధంలో ఒక దండయాత్ర ఎలా నడిచిందో ఇంత స్పష్టంగా నేల మీదే చూపించే ఏర్పాటు మరొకటి దొరకడం కష్టం. విడిగా ఒక్క బోర్డు చదివితే మాత్రం నాలుగు పేర్లు, ఒక తేదీ తప్ప చేతికేమీ రాదు.

దారిలో రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. స్తంభం మీద ఎత్తుగా, వెండి రంగు మీద ఉబ్బెత్తు నల్ల అక్షరాలతో ఉండేవి రాష్ట్ర ప్రభుత్వానివి. ఈ పథకం 1927 నుంచి ఉంది. ఒక్కోదానిలో పట్టేది ఇంచుమించు వంద మాటలే. ఎవరు, ఎప్పుడు, ఎటు పోయారో చెప్తాయి గానీ ఎందుకో చెప్పవు. చాలా చోట్ల కారు ఆపడానికి జాగా కూడా ఉండదు, 360 నంబరు హైవే లాంటి పెద్ద రోడ్డు మీద వీటి కోసం హఠాత్తుగా బ్రేక్ వేయకండి. రెండో రకం సివిల్ వార్ ట్రెయిల్స్ వాళ్ళవి. నడుమెత్తున ఏటవాలుగా, మ్యాపు, పాత బొమ్మలతో ఉంటాయి. వీటి పక్కన కారు ఆపుకునే చోటు ఉంటుంది. ఎర్ర బాకా గుర్తున్న చిన్న బోర్డులు మలుపులు చూపిస్తాయి. ఈ సంస్థ పని 1990లలో ఈ దారితోనే మొదలై, ఇప్పుడు ఆరు రాష్ట్రాల్లో ఉంది. మీ సమయం వీటికే ఇవ్వండి.

బోర్డు మీద మ్యాపు చూడగానే ముందు ఉత్తరం ఎటుందో పట్టుకోండి. మీరు చూస్తున్న వైపే మ్యాపు పైభాగం అనుకుంటే ఎవరు ఎవరిని తరిమారో తలకిందులవుతుంది. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే.

పీటర్స్‌బర్గ్ తర్వాత నమోజీన్ చర్చి మీదుగా అమీలియా కోర్ట్‌హౌస్ చేరాలి. కథంతా తిరిగిపోయింది అమీలియాలోనే. అక్కడ తిండి దొరుకుతుందనుకున్న సైన్యానికి మందుగుండు మాత్రమే కనిపించింది. చుట్టుపక్కల పల్లెల్లో ధాన్యం వెతకడానికి ఒక రోజు పోయింది. ఆ రోజులోనే యూనియన్ జనరల్ షెరిడన్ దళాలు ముందున్న జెటర్స్‌విల్ దగ్గర రైలుమార్గానికి అడ్డంగా కూర్చున్నాయి. అమీలియా, జెటర్స్‌విల్ బోర్డులు రెండూ వెంటవెంటనే చదివితేనే ఈ ముడి విడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువసేపు సేలర్స్ క్రీక్ దగ్గర గడపండి, కనీసం గంటన్నర. ముందు హోల్ట్స్ కార్నర్ బోర్డు చదవాలి, చాలామంది దాటేసేది దీన్నే. ఏప్రిల్ 6న లీ కింది జనరల్ యూవెల్ సామాను బండ్లను ఇక్కడ కుడి దారికి మళ్ళించాడు. వెనక వస్తున్న లీ మరో జనరల్ గోర్డన్‌కు కబురు పంపలేదు. గోర్డన్ బండ్ల వెంటే పోయాడు. దాంతో యూవెల్ వెనక కాపలా లేకుండా పోయింది. అక్కణ్ణుంచి ఒకే మధ్యాహ్నం మూడు పోరాటాలు: హిల్స్‌మన్ పొలంలో యూవెల్ మీద యూనియన్ జనరల్ రైట్ దళం, మార్షల్స్ క్రాస్‌రోడ్స్ దగ్గర లీ ఇంకో జనరల్ ఆండర్సన్ మీద యూనియన్ అశ్వికదళం, లాకెట్ పొలంలో గోర్డన్ మీద యూనియన్ జనరల్ హంఫ్రీస్ దళం. లీ ఆ ఒక్క రోజే దాదాపు 7,700 మందిని కోల్పోయాడు, వాళ్ళలో పట్టుబడినవాళ్ళే ఎక్కువ. ఎనిమిది మంది జనరల్స్ బందీలయ్యారు. హిల్స్‌మన్ ఇంటి ముందు నిలబడి వాగు వైపు దిగే వాలును చూస్తే, ఫిరంగులు ఎక్కడ పెట్టారో బోర్డు చెప్పకుండానే తెలుస్తుంది.

నది మీది పాత రైలు వంతెన హై బ్రిడ్జ్‌కు కాంప్ పారడైజ్ రోడ్డు పార్కింగ్ నుంచి నడక మైలు లోపే. వంతెన పొడవు 2,400 అడుగులు, ఎత్తు 125 అడుగులు. ఏప్రిల్ 7న కాన్ఫెడరేట్లు పై వంతెన కొంత తగలబెట్టగలిగారు గానీ, కింద ఉన్న బండ్ల వంతెనను యూనియన్ సైనికులు ఆర్పి దక్కించుకున్నారు. నది అడ్డు పెట్టుకుని లీ సంపాదించుకోవాలనుకున్న వ్యవధి దాంతో పోయింది.

ఒక లోటు గట్టిగా చెప్పాలి. పాత లోహపు బోర్డుల్లో జనరల్స్ పేర్లు తప్ప బానిసల ఊసు దాదాపు లేదు. ఏప్రిల్ 9 ఉదయం లీ దారిని మూసిన దళాల్లో నల్లజాతి సైనికుల రెజిమెంట్లున్నాయి. ఎవరి స్వేచ్ఛ కోసం ఇదంతా తేలిందో వాళ్ళు ఈ దారిలో ఇంకా బాగా కనిపించాలి. పిల్లల్ని తీసుకెళ్తే ఈ మాట మీరే చెప్పాలి.

పల్లెరోడ్ల మీద ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా మ్యాపు ముందే దించుకోండి. నీళ్ళు, పెట్రోలు అమీలియాలో, భోజనం ఫార్మ్‌విల్‌లో చూసుకోండి. ఫార్మ్‌విల్ నుంచే ఏప్రిల్ 7న యూనియన్ సేనాధిపతి గ్రాంట్, లీని లొంగిపొమ్మంటూ మొదటి ఉత్తరం రాశాడు. తర్వాత కంబర్లాండ్ చర్చి చూసి, ఆలస్యమైతే క్లిఫ్టన్, న్యూ స్టోర్ ఆపులు వదిలేసి 460 నంబరు హైవే పట్టుకోండి. అపొమాటాక్స్ పార్కు సాయంత్రం మూసేలోపు రెండు గంటలైనా చేతిలో ఉండాలి. సంతకాలు జరిగిన మెక్లీన్ ఇల్లు మళ్ళీ కట్టినది, 1893లో అసలు ఇంటిని విప్పేశారు. క్లోవర్ హిల్ టావెర్న్ మాత్రం ఆనాటిదే. ఇరవై ఎనిమిది వేల మందికి పైగా సైనికులు ఇళ్ళకు వెళ్ళడానికి కావలసిన పెరోల్ కాగితాలు అచ్చయింది అందులోనే, ముందు దాన్నే చూడండి.