క్రూజ్‌లో విస్కీ టేస్టింగ్‌కి డబ్బు కట్టే ముందు ఒకసారి ఇది చదవండి

టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కరీబియన్ వైపు క్రూజ్ వెళ్ళే హ్యూస్టన్, డల్లాస్ మనవాళ్ళ కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. ఓడ రేవులో ఆగకుండా సముద్రంలోనే ఉండే రోజు మధ్యాహ్నం "బ్లెండెడ్, సింగిల్ మాల్ట్, బర్బన్... ఏది గొప్పది?" అంటూ ఒక టేస్టింగ్ పెడతారు. (మూడూ విస్కీ రకాలే. బ్లెండెడ్ అంటే వేర్వేరు విస్కీలు కలిపినది, సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, అంటే విస్కీ తీసే ఒకే కర్మాగారంలో, బార్లీతో చేసినది, బర్బన్ అంటే ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ.) పేరుకి అది పోలిక. అసలు పని ఓడలో ఉన్న దుకాణంలోని ఒక ఖరీదైన సీసాని మనకి అంటగట్టడం. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మా బావ సింగిల్ మాల్ట్ అనుకుని కొన్న సీసా సింగిల్ మాల్టే కాదు. క్రూజ్ కంపెనీ పేరూ, సీసా పేరూ రాయడం లేదు. కార్డ్ డిస్ప్యూట్, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుకి పెట్టిన ఫిర్యాదు, ఇంకా నడుస్తోంది.

ముందు డబ్బు సంగతి. డ్రింక్స్ ప్యాకేజీ తీసుకున్నాం కదా, ఇదీ అందులోకే వస్తుందిలే అనుకుంటారు. రాదు. చాలా క్రూజ్‌లలో టేస్టింగులు ప్యాకేజీకి బయటే. పైగా బిల్లు మీద 18 నుంచి 20 శాతం దాకా గ్రాట్యుటీ, అంటే టిప్పు, వాళ్ళే కలిపేస్తారు. బోర్డు మీద మనిషికి 35 డాలర్లు అని ఉంది, అకౌంట్‌లో పడింది 41.30. ఆ డబ్బుకి నాలుగు గ్లాసులు, గ్లాసుకి అర ఔన్సు, అంటే దాదాపు 15 మి.లీ. నాలుగూ కలిపితే మన లెక్కలో ఒక్క లార్జ్ పెగ్గు! ఇక ప్యాకేజీలోనే ఇంకో మెలిక ఉంది. ఒక్కో డ్రింక్‌కి ధర పరిమితి పెడతారు, పేరున్న మాల్ట్‌లు చాలావరకు ఆ గీత దాటే ఉంటాయి. ఒక క్యాబిన్‌లో ఒకరు ప్యాకేజీ కొంటే అందులో ఉన్న మిగతా పెద్దవాళ్ళూ కొనాలన్న నియమం కూడా చాలా కంపెనీలకి ఉంది. మా అక్క జన్మలో చుక్క ముట్టలేదు, ఆవిడ పేరు మీదా ప్యాకేజీ పడింది. వారమంతా అల్లం సోడా తాగి ఆ లెక్క చెల్లు చేయాలని చూసింది పాపం.

ఇక పోలిక ఎలా చేయించారో చూడండి. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే.

మొదట బర్బన్ పోశారు. సీసా తిప్పి చూస్తే 100 ప్రూఫ్. అమెరికా లెక్కలో ప్రూఫ్‌లో సగం ఆల్కహాల్ శాతం, అంటే 50 శాతం. దాన్ని చుక్క నీళ్ళు లేకుండా, షాట్ గ్లాసులో, ఖాళీ నోటికి ఇచ్చారు. అందరూ మొహం చిట్లించారు. "చూశారా, బర్బన్ అంటే ఇంతే, మోటుగా ఉంటుంది" అన్నాడు నడిపించే అతను. తర్వాత బ్లెండెడ్ స్కాచ్. అది ప్లాస్టిక్ కప్పులో ముందే ఐస్ వేసి పెట్టి ఉంది. మా వరకు వచ్చేసరికి సగం కరిగి నీళ్ళయింది. "పలచగా ఉంది కదా, బ్లెండ్ కాబట్టి" అన్నాడు. ఆ తర్వాత మంచినీళ్ళు, బిస్కెట్లు, ఒక చాక్లెట్ ముక్క వచ్చాయి. నోరు శుభ్రపడ్డాక సింగిల్ మాల్ట్‌ని తులిప్ ఆకారపు గ్లెన్‌కెయిర్న్ గ్లాసులో, ఐస్ లేకుండా, 40 శాతం బలంతో ఇచ్చి నిదానంగా వాసన చూడమన్నాడు. చివరి గ్లాసు అసలు సరుకు, అమ్మకానికి పెట్టిన సీసాలోది.

ఒక పెళ్ళికూతురికి పట్టుచీర కట్టి, ఇంకొకరిని వానలో నిలబెట్టి పెళ్ళిచూపులు పెట్టినట్టుంది ఈ పోలిక. నాలుక మీద మండింది బర్బన్ గుణం కాదు, ఆ పది శాతం ఎక్కువ ఆల్కహాల్. నిజంగా పోల్చాలంటే మూడింటినీ ఒకే రకం గ్లాసులో, ఐస్ లేకుండా, ఒకే బలానికి తెచ్చి ఇవ్వాలి. 50 శాతం ఉన్న 15 మి.లీ. బర్బన్‌లో సుమారు ముప్పావు టీస్పూన్ నీళ్ళు కలిపితే 40కి దిగుతుంది. నేను నీళ్ళు అడిగి కలుపుకుని మళ్ళీ తాగాను. వెనిలా, కాల్చిన చక్కెర వాసన హాయిగా బయటికి వచ్చింది. పక్కన కూర్చున్న ఆయన కూడా చూసి కలుపుకున్నాడు. నడిపించే అతనికి అది నచ్చినట్టు లేదు, "ప్రశ్నలు చివర్లో" అన్నాడు, నేను ప్రశ్నేమీ అడగకపోయినా.

వరుస విషయం కూడా చెప్తాను, ఇంట్లో స్నేహితులతో కూర్చున్నప్పుడు పనికొస్తుంది. తేలికపాటి బ్లెండ్‌తో మొదలుపెట్టి, స్కాట్లండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు మాల్ట్, దాని తర్వాత బర్బన్, పొగ వాసన ఉన్న ఐలా దీవి మాల్ట్ ఆఖరున. లాఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ లాంటి ఐలా మాల్ట్‌లు మధ్యలో తాగితే ఆ పీట్ (బార్లీ ఆరబెట్టడానికి కాల్చే ఒక రకం మట్టి) పొగ నోట్లో అలాగే ఉండిపోయి తర్వాతది ఏదైనా చప్పగా తోస్తుంది.

టేస్టింగ్ నడిపించిన అతను చెప్పిన మాటల్లో తప్పులు ఒకటా రెండా. బ్లెండెడ్ అంటే నాసిరకం స్పిరిట్‌కి కాస్త మాల్ట్ కలిపినది అన్నాడు. మనవాళ్ళు ఇది ఇట్టే నమ్మేస్తారు, ఎందుకంటే మన ఊళ్ళలో విస్కీ పేరుతో దొరికే చాలా చవక బ్రాండ్లలో ఉండేది చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే. స్కాచ్‌కి ఆ కథ వర్తించదు. బ్లెండెడ్ స్కాచ్‌లో కలిసేవి బార్లీతో చేసే మాల్ట్ విస్కీ, గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో చేసే గ్రెయిన్ విస్కీ. ఆ రెండూ స్కాట్లండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉండి తీరాలి, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. ఇది 2009లో వచ్చిన స్కాచ్ విస్కీ రెగ్యులేషన్స్‌లో ఉన్న నియమం. సీసా మీద 12 ఏళ్ళు అని ఉంటే అందులో కలిసిన విస్కీల్లో అన్నిటికంటే చిన్నదాని వయసు 12. కాబట్టి 12 అని రాసి ఉండే జానీ వాకర్ బ్లాక్ లేబుల్‌లో ఉన్న గ్రెయిన్ విస్కీకి కూడా పన్నెండేళ్ళు నిండి ఉంటాయి. మా బావ పాతికేళ్ళుగా బ్లాక్ లేబుల్ మనిషి. ఆ పూట తలదించుకుని కూర్చున్నాడు, ఇన్నాళ్ళూ తెలియక తాగానన్నట్టు.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే పీపాలోది అని ఇంకో మాట. ఒకే డిస్టిలరీది అని అర్థం, అంతే. మొలకెత్తించిన బార్లీతో, పాట్ స్టిల్ అనే రాగి బట్టీలో తీసిన ఆ డిస్టిలరీ విస్కీని ఎన్నో పీపాల నుంచి కలిపే సీసాకి ఎత్తుతారు. ఒకే పీపాదైతే సింగిల్ కాస్క్ అని వేరుగా రాసుకుంటారు, దాని ధరా వేరే.

రంగు ముదురుగా ఉంటే పాతదట! స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది, సింగిల్ మాల్ట్‌కి సహా. బర్బన్‌లో అది కుదరదు, అక్కడ రంగంతా పీపా నుంచి వచ్చిందే.

బర్బన్ కెంటకీలోనే చేయాలన్నాడు. అమెరికాలో ఎక్కడైనా చేయొచ్చు. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో పెట్టాలి. స్ట్రెయిట్ బర్బన్ అంటే కనీసం 2 ఏళ్ళు పీపాలో ఉన్నది, నాలుగేళ్ళలోపుదైతే వయసు లేబుల్ మీద వేయాలి. బాటిల్డ్ ఇన్ బాండ్ అని ఉంటే 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో ఒకే సీజన్‌లో తీసి, కనీసం 4 ఏళ్ళు ఉంచి, 100 ప్రూఫ్‌లో సీసాకి ఎత్తినదని లెక్క. అతను "మోటు" అన్న సీసా మీద ఆ మాటే ఉంది. ఇంకా తమాషా ఏమిటంటే, బర్బన్‌కి ప్రతిసారీ కొత్త పీపా కావాలి కాబట్టి వాడేసినవి ఓడలెక్కి స్కాట్లండ్ చేరతాయి, స్కాచ్‌లో ఎక్కువ భాగం పండేది వాటిలోనే. "ఈ సింగిల్ మాల్ట్‌లో వెనిలా తెలుస్తోందా?" అని అతను మురిసిపోయిన ఆ వాసన చాలావరకు బర్బన్ పీపా పెట్టిన భిక్షే.

ఇప్పుడు సీసా దగ్గరికి వద్దాం. "ట్రావెల్ ఎక్స్‌క్లూజివ్, బయట దొరకదు, ఈ పూటకే ఈ ధర" అన్నారు. ఒక లీటరు 119 డాలర్లు. స్క్రీన్ మీద పెట్టె బొమ్మ, దాని మీద పెద్దక్షరాల్లో మాల్ట్ స్కాచ్ విస్కీ అని, పక్కన బంగారు రంగులో 18 అంకె. నోటితో మాత్రం "ఎయిటీన్, సింగిల్ మాల్ట్" అని రెండుసార్లు అన్నాడు, మా బల్ల దగ్గర నలుగురం విన్నాం. "బావా, ఒకసారి పెట్టె చేతికిమ్మను" అన్నాను. ఇవ్వలేదు, దుకాణం మూసి ఉందట. "సరేలేరా, ఇంత పెద్ద ఓడలో అబద్ధం చెప్తారా" అని బావ కార్డు గీసేశాడు. కొన్న మద్యం చివరి రాత్రి దాకా వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి సీసా క్యాబిన్‌కి వచ్చేదాకా లేబుల్ చదివే దారే లేదు.

వచ్చాక చూస్తే కింద సన్నటి అక్షరాల్లో బ్లెండెడ్ మాల్ట్ అని ఉంది. అంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ డిస్టిలరీల మాల్ట్‌లు కలిపినది. 18 వయసు కాదు, బ్యాచ్ నంబరు. ఏళ్ళు అన్న మాట పెట్టె మీద ఎక్కడా లేదు. బ్లెండెడ్ మాల్ట్ తక్కువదని నేననను, మంకీ షోల్డర్, జానీ వాకర్ గ్రీన్ లేబుల్ ఆ రకమే, రెండూ నాకిష్టం. కానీ ఒకటని చెప్పి ఇంకొకటి ఇవ్వడం ఏమిటి? ఈ గొడవ స్కాట్లండ్‌లోనే ఒకసారి పెద్దగా అయింది. 2003లో డియాజియో కంపెనీ తన కార్డూ సింగిల్ మాల్ట్‌లో వేరే డిస్టిలరీల మాల్ట్ కలిపి, దాదాపు అదే సీసాలో ప్యూర్ మాల్ట్ అని అమ్మితే మిగతా కంపెనీలు భగ్గుమన్నాయి, వెనక్కి తీసుకోక తప్పలేదు. ఇప్పటి నియమాల్లో ప్యూర్ మాల్ట్ అనే మాటే నిషేధం. సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్, ఈ ఐదింటిలో ఏదో ఒకటి స్కాచ్ సీసా ముందు లేబుల్ మీద ఉండి తీరాలి. అది కళ్ళతో చూడకుండా కార్డు తీయొద్దు. స్క్రీన్ మీద బొమ్మ చూపిస్తే చాలదు, పెట్టె చేతికివ్వాలి. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ధర పోల్చేటప్పుడు ఓడలో సీసా లీటరు, అమెరికా దుకాణాల్లో ఎక్కువగా 750 మి.లీ. అన్నది గుర్తుంచుకుని 100 మి.లీ.కి ఎంతో లెక్కకట్టండి. ఇంటికొచ్చి చూస్తే మా దగ్గర లిక్కర్ స్టోర్‌లో వయసు రాసి ఉన్న అసలు సింగిల్ మాల్ట్‌లు అంతకంటే తక్కువకే ఉన్నాయి.

గెస్ట్ సర్వీసెస్ దగ్గర ఆ రాత్రి గంటసేపు నిలబడ్డాం. సీలు తీయకపోయినా మద్యం వెనక్కి తీసుకోరట. నోటితో అన్నదానికి రుజువేముంది అన్నారు. చివరికి టేస్టింగ్ చార్జీ, దాని మీద గ్రాట్యుటీ అకౌంట్‌లో వెనక్కి వేశారు, సీసా డబ్బు మాత్రం కదల్లేదు. మీకూ ఇలాగే అయితే ఓడ దిగకముందే ఫిర్యాదు రాతలో ఇచ్చి కాపీ తీసుకోండి, దిగాక ఫోన్‌లో ఎవరూ సరిగా పలకరు.

డ్యూటీ ఫ్రీ, అంటే సుంకం లేదు, అన్న మాటకి కూడా పొంగిపోకండి. గాల్వెస్టన్‌లో దిగగానే టెక్సస్ ఆల్కహాల్ కమిషన్ కౌంటర్ ఉంటుంది, సీసాకి ఇంత అని రాష్ట్ర పన్ను కట్టించుకుంటారు. ఫెడరల్ కస్టమ్స్ మామూలుగా వదిలేది 21 ఏళ్ళు నిండిన మనిషికి ఒక లీటరు. అక్కడి నుంచి అటే హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్ళు సీసాని చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో 100 మి.లీ. దాటిన మద్యం సెక్యూరిటీ దాటదు. మన దేశంలో సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్లు, శంషాబాద్‌లో దిగాక డ్యూటీ ఫ్రీలో కొనేది కూడా ఆ రెండింటిలోకే వస్తుంది.

బ్యాంకుకి పెట్టె ఫోటో, రసీదు పంపాం. రసీదు మీద దుకాణం వాళ్ళే "ఎస్ఎం 18" (అంటే సింగిల్ మాల్ట్ 18) అని కొట్టి ఇచ్చారు, దాన్ని ఎర్రగా గీత గీసి జతచేశాం. సీసా ఇంకా సీలు తీయకుండా బావ వాళ్ళింట్లోనే ఉంది. బ్యాంకు ఏ సంగతో తేల్చగానే ఇక్కడే రాస్తాను.