క్రిస్మస్ ట్రీగా కోసిన ఫ్రేజర్ ఫర్ కొనాలా, వేళ్లతో ఉన్న చెట్టు కొనాలా?

అమెరికాలో ఉంటూ ఈసారి ప్లాస్టిక్‌ది వద్దు, నిజమైన క్రిస్మస్ ట్రీ కావాలనుకుంటే రెండు దారులు: కోసిన చెట్టు, లేదా వేళ్లు, మట్టితో సహా వచ్చేది. నా ఓటు కోసినదానికే, అందులోనూ నార్త్ కరోలినా కొండల్లో ఎక్కువగా పెంచే ఫ్రేజర్ ఫర్ అనే రకానికి, ఎందుకంటే నీళ్లు సరిగ్గా అందితే నాలుగు వారాలైనా ఆకులు పెద్దగా రాలవు. ఇంటికి తేగానే చెట్టు మొదలు అడుగున అర అంగుళం నుంచి అంగుళం దాకా అడ్డంగా కోసి వెంటనే నీళ్లలో పెట్టాలి. ఆలస్యమైతే కోసిన చోట జిగురు కట్టి మూసుకుపోతుంది, ఇక నీళ్లు పీల్చదు. మొదలు లావు ఎన్ని అంగుళాలుంటే సుమారు అన్ని లీటర్ల నీళ్లు పట్టే స్టాండ్ తీసుకోండి. చక్కెర, ఆస్పిరిన్ లాంటి చిట్కాలేవీ వద్దు, మామూలు కుళాయి నీళ్లు చాలు. హీటర్ గాలి తగిలే చోట మాత్రం పెట్టకండి.

వేళ్లతో ఉన్నది చూడ్డానికి ముచ్చటే, పండగయ్యాక పెరట్లో నాటొచ్చు కూడా. కానీ ఎత్తబోతే నడుం పట్టేస్తుంది, పైగా ఇంట్లో వారం, పది రోజులకు మించి ఉంచకూడదు, వెచ్చదనానికి చిగురు కదిలిందంటే తర్వాత బయటి చలికి తట్టుకోలేదు. మట్టి తడిగా ఉంటే చాలు, బురద చేయొద్దు. నేల గడ్డకట్టే ఊళ్లలో గొయ్యి ముందే తవ్వి ఉంచుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఈ గొడవంతా ఎందుకు చెప్పండి?