రాస్‌ప్‌బెర్రీ పైలో పార్టిషన్ పెంచడం: నాలుగేళ్లు వాడాక నా మాట

లినక్స్‌లో ఫైల్‌సిస్టమ్ సైజు మార్చే రీసైజ్2ఎఫ్ఎస్ కమాండ్ అంటే నాకు ప్రాణం. ఏ మెమరీ కార్డు మీద సిస్టమ్ నడుస్తోందో ఆ కార్డు మీదే, ఏదీ ఆపకుండా, రూట్‌ను (సిస్టమ్, ఫైళ్లు ఉండే పార్టిషన్, అంటే కార్డులో విడగొట్టిన భాగం) పెంచేస్తుంది. ఇంత మంచి పనిముట్టు నేనింకోటి చూడలేదు.

2021లో కొన్న రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మా ఇంట్లో రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. నాన్నగారి హరికథల క్యాసెట్లు ఒక్కోటీ అందులోకి ఎక్కిస్తూ వచ్చాను. ఓ రాత్రి క్యాసెట్ సగంలో ఉండగా ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైజ్’ అని ఆగిపోయింది. 64 జీబీ కార్డు తెచ్చి, పాత 16 జీబీ కార్డును డీడీ అనే కాపీ కమాండ్‌తో ఉన్నదున్నట్టు అందులోకి దించాను. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పార్టిషన్ పట్టిక కూడా పాతదే వచ్చింది కాబట్టి రూట్ మళ్లీ అదే 10 జీబీ.

రాస్‌ప్‌బెర్రీ పై సెట్టింగుల మెనూ అయిన రాస్పీ-కాన్ఫిగ్‌లో ఎక్స్‌పాండ్ ఫైల్‌సిస్టమ్ నొక్కితే చాలామందికి పనైపోతుంది. నాకు కాలేదు. బ్యాకప్ కోసం రూట్ తర్వాత మూడో పార్టిషన్ ఒకటి చేసుకున్నాను; రూట్ చివరిది కాకపోతే రాస్పీ-కాన్ఫిగ్ దాన్ని ముట్టుకోదు. సరే, మూడోదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, పార్టిషన్లు మార్చే ఎఫ్‌డిస్క్‌లో తీసేశాను. ఎలాగూ అందులోనే ఉన్నాను కదా అని రెండోదాన్ని, అంటే రూట్‌ను కూడా తీసేసి కొత్తగా చేశాను. మొదటి సెక్టార్ (కార్డును కొలిచే చిన్న ముక్క) అడిగితే ఎంటర్, చివరిది అడిగితే ఎంటర్. రీబూట్ చేస్తే కెర్నల్ ప్యానిక్, అంటే సిస్టమ్ లేవకుండానే ఆగిపోయింది. తెర మీద ‘అనేబుల్ టు మౌంట్ రూట్’ చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. పాత కార్డు ఉంది నిజమే, కానీ కార్డు మార్చాక కాస్త చోటు చేసుకుని రెండు రోజుల్లో ఎక్కించిన కథలు కొత్తదాంట్లోనే ఉన్నాయి.

జరిగిందేమిటంటే, నా కార్డులో మొదటిదైన బూట్ పార్టిషన్ 8192వ సెక్టార్‌లో మొదలవుతుంది. దాని ముందున్న కాస్త ఖాళీని చూసి ఎఫ్‌డిస్క్ 2048 ఇస్తానంది, నేను సరేనన్నాను. పార్టిషన్ సైజు 3 ఎంబీ అని తెర మీదే చెప్పింది, నేను చదవలేదు. అదృష్టం కొద్దీ మొదలుపెట్టే ముందు పాత పట్టికను ఫోన్‌తో ఫొటో తీశాను. అందులో రూట్ మొదలు 532480 అని స్పష్టంగా ఉంది. కార్డును లాప్‌టాప్‌లో పెట్టి మొదటి సెక్టార్‌గా ఆ అంకె చేత్తో కొట్టాను. ఈసారి ఎఫ్‌డిస్క్ ‘ఇక్కడ ఈఎక్స్‌టీ4 గుర్తు ఉంది, చెరిపేయనా?’ అని అడిగింది. ఈఎక్స్‌టీ4 అంటే నా రూట్‌లోని ఫైల్‌సిస్టమ్ రకం; అంటే అది అక్కడే ఉందన్నమాట. ఆ ప్రశ్న చూశాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. అక్కడ ‘ఎన్’ కొట్టాలి, మర్చిపోకండి. మార్చింది పట్టికనే కాబట్టి లోపలి డేటా చెక్కుచెదరలేదు. పైలో పెట్టి రీసైజ్2ఎఫ్ఎస్ ఇస్తే, పక్క గదిలో నాన్నగారి కథ నడుస్తుండగానే రూట్ 58 జీబీ అయింది. పాట తెగలేదు.

అయితే ఇన్నాళ్లు వాడాక ఓ మాట చెప్పాలి. నడుస్తుండగా పెంచడమే గానీ తగ్గించడం కుదరదు. పోయినేడాది ఇదే కార్డును ఇంకో 64 జీబీ కార్డుకు దించబోతే చివర్లో చోటు చాల్లేదు. కార్డుల మీద ఒకే అంకె వేసినా లోపల సెక్టార్ల సంఖ్య ఒకటి కాదు. అన్‌మౌంట్ చేసి, చెక్ చేసి, కుదించేసరికి ఒక పూట పట్టింది. అప్పట్నుంచి చివర 2 జీబీ వదిలేసే పెంచుతున్నాను.

ఇంట్లో ఒకే పై, ఒకే కార్డు, ఈఎక్స్‌టీ4 ఉన్న నాలాంటివాళ్లకు ఇది బాగా సరిపోతుంది. ఎస్ఎస్‌డీ మీద నడిపేవాళ్లకు దీని అవసరం రాకపోవచ్చు. నా క్యాసెట్లు ఇంకో నలభై మిగిలాయి, 58 జీబీ సరిపోతుందనే అనుకుంటున్నాను.