పోయినవారిని సాగనంపే పద్ధతుల్లో బతికినవారికి ఏది మేలు?

మరణం తరువాత ఏముందో చూసి వచ్చి చెప్పినవారు లేరు కనుక, ఏ మతం చెప్పే పరలోకం నిజమన్న వాదనలోకి నేను దిగను. మనం తూచి చూడగలిగిన ప్రశ్న మరొకటి ఉంది: ఇంట్లో మనిషి పోయినప్పుడు మిగిలినవారి దుఃఖానికి ఏ సంప్రదాయం ఎక్కువ ఆసరా ఇస్తుంది? శ్రీకాకుళం ప్రాంతంవారు ఇందుకోసం దూరం వెళ్లనక్కరలేదు. శ్రీకూర్మంలో పితృకర్మలు జరుగుతాయి, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి, సీతంపేట ఏజెన్సీలో సవర గిరిజనులున్నారు, ముస్లిములూ క్రైస్తవులూ మన ఊళ్లలోనే ఉన్నారు.

హిందూ అపరకర్మల ప్రకారం పోయినవారు వెంటనే పితృదేవతలు కారు. పది రోజుల పిండాలతో ప్రేతానికి దేహం ఏర్పడుతుందని, పన్నెండో రోజు సపిండీకరణంలో ఆ పిండాన్ని ముందు మూడు తరాలవారి పిండాలతో కలిపినప్పుడు పెద్దల వరుసలో చోటు దొరుకుతుందని నమ్మకం. ఆపైన మాసికాలు, ఏడాదికి ఆబ్దికం, భాద్రపదంలో మహాలయ పక్షం. మనిషిని ఒక్కసారిగా తెంచుకోకుండా మెట్టుమెట్టుగా సాగనంపే ఈ అమరికలో గొప్ప వివేకం ఉంది. అయితే మంత్రాలు కర్తకే అర్థం కావు, కూతుళ్లూ కోడళ్లూ చాలా ఇళ్లలో చూస్తూ కూర్చోవలసిందే. అంతకంటే బాధించేది కర్మఫలం మాట. పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లితో అది పూర్వజన్మ పాపమనడం ఎంత శాస్త్రసమ్మతమైనా క్రూరమేనని నా అభిప్రాయం.

ఇస్లాంలో మృతదేహానికి స్నానం చేయించి, తెల్లని కఫన్ చుట్టి, జనాజా నమాజు చదివి, వీలైనంత త్వరగా ఖననం చేస్తారు. ధనికుడికైనా కూలివాడికైనా చుట్టేది ఆ గుడ్డే. సంతాపం మూడు రోజులు, భర్త పోయిన స్త్రీకి మాత్రం నాలుగు నెలల పది రోజులు. పెద్దకర్మ భోజనాలకు అప్పుచేసే కుటుంబాలను ఎరిగినవారికి ఈ నిరాడంబరత విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇండొనేసియాలోని తొరాజాలు శవాన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్లపాటు ఇంట్లోనే ఉంచుకొని, జబ్బుమనిషిగా భావించి ఆహారం పెడతారు. ఎడబాటుకు అలవాటుపడే వ్యవధి దొరుకుతుంది గానీ, చివరి ఉత్సవంలో బలిచ్చే దున్నల ఖర్చు చాలా కుటుంబాలను అప్పుల్లోకి నెడుతుంది. క్రైస్తవుల బలమంతా పునరుత్థానంలో మళ్లీ కలుస్తామన్న ఆశలో ఉంది; నవంబరు 2న కథోలికులు సమాధులను అలంకరించి కొవ్వొత్తులు వెలిగించడం ఆ ఆశకు ఏటా ఊపిరి పోస్తుంది.

బౌద్ధం అన్నిటికంటే నిష్కర్షగా మాట్లాడుతుంది. బిడ్డ శవంతో వచ్చిన కిసా గోతమిని, చావు ఎరుగని ఇంటినుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపిన కథలో ఓదార్పు మాటల్లో లేదు, ఇంటింటికీ తిరగడంలో ఉంది. ఆ సత్యం గొప్పదే, కానీ అందరూ మొదటి వారంలోనే దానిని మోయలేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సవరల పద్ధతి. మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1970లలో ఒడిశా సవరల మధ్య ఉండి దీనిని వివరంగా నమోదు చేశారు. పూనకంలో ఉన్న కురన్, అంటే మృతులకూ బతికినవారికీ మధ్యవర్తిగా ఉండే సవర పూజారి, నోట పోయినవారు మాట్లాడతారు. చుట్టూ చేరిన బంధువులు ఎందుకు వెళ్లిపోయావని నిలదీస్తారు, ఆస్తి తగాదాలు ఎత్తుతారు, ఏడుస్తారు, ఒక్కోసారి నవ్వుతారు. మొదట్లో తమను చంపిన జబ్బునే బతికినవారికి అంటించే మృతులు, రాయి నిలిపి బలులిచ్చి ఏళ్లతరబడి మాట్లాడిన మీదట మెత్తబడి, చివరికి ఇంట్లో పుట్టిన బిడ్డకు తమ పేరునిచ్చే పెద్దలవుతారు. చెప్పకుండా మిగిలిపోయిన మాటకు ఇక్కడ చోటుంది, కోపానికీ చోటుంది. ఈ కోరిక మనకు కొత్త కాదు: భారతంలో యుద్ధం ముగిసిన ఏళ్ల తరువాత, వ్యాసుడు చనిపోయినవారిని ఒక్క రాత్రికి గంగలోంచి రప్పించి గాంధారికీ కుంతికీ చూపిస్తాడు. భారతం ఒక్క రాత్రి ఇచ్చింది, సవరలు కొన్నేళ్లు ఇచ్చారు. తరువాతి తరం బాప్టిస్టు క్రైస్తవంలోకి మళ్లడంతో ఆ సంభాషణ చాలా ఊళ్లలో ఆగిపోయింది. బలుల ఖర్చు, మృతుల భయం తగ్గాయి, నిజమే. కానీ పోయిన తల్లితో మాట్లాడే దారి కూడా మూసుకుపోయింది.

కనుక దుఃఖం విషయంలో నా మొగ్గు సవరల వైపే. పూనకం మీద నమ్మకం లేనివారికి ఉత్తరాంధ్రలోనే మరొక దారి ఉంది. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు, వండిన పదార్థాలు పెట్టి మొక్కడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఇంటివాళ్లే చేసుకోవచ్చు, మాట్లాడేది మన భాషే. ఆ పూట పోయినవారిని పేరుపెట్టి పిలిచి, చెప్పవలసినది పైకి చెప్పుకోవడానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు. మాసికాలు పెట్టేవారు ఆ రోజున కూతుళ్లనూ కోడళ్లనూ అలా మాట్లాడనిస్తే, మంత్రాలు ఇవ్వలేనిది వారికి దక్కుతుంది. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను ముస్లిముల పద్ధతినే ఎంచుకుంటాను: పోయినవారి పేరిట అప్పు పుట్టకూడదు.