పద్నాలుగో సీటు వదలని రాత్రి: పీజీబౌన్సర్‌తో నాలుగేళ్ళు

బరంపురంలో మా ఆఫీసు అంటే ఒక గది, రెండు బల్లలు, ఒక ఇన్వర్టరు. ప్రైవేటు బస్సుల యజమానులకు టికెట్ల సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని మేమే నడుపుతుంటాం. అటు రాయగడ, పర్లాకిమిడి, ఇటు ఛత్రపురం, అస్కా, హద్దు దాటితే ఇచ్ఛాపురం. కౌంటర్లలో కూర్చునేవాళ్ళు ఒడియాలో టికెట్ అమ్మి, తెలుగులో నాకు ఫోను చేసి తిడతారు. వెనక ఉన్న డేటాబేసు పోస్ట్‌గ్రెస్. దాని ముందు, కనెక్షన్లను వంతులవారీగా పంచే పీజీబౌన్సర్ అనే ప్రోగ్రాం 2021 దసరా నుంచి కూర్చుని ఉంది. మొదటి వారం మోజులో రాసిన సమీక్షలు చదివే నేను దీన్ని పెట్టుకున్నాను. వాటిలో లేనివన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా నా మీద పడ్డాయి కాబట్టి, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు దీని అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో మనం ఏమీ మార్చకపోతే కనెక్షన్ల, అంటే ప్రోగ్రాములు డేటాబేసుతో మాట్లాడే లైన్ల, హద్దు 100. అందులో 3 సూపర్‌యూజరు (డేటాబేసు నిర్వాహకుడు) కోసం అట్టిపెట్టి ఉంటాయి, మనకు మిగిలేది 97. మాకు రెండు యాప్ సర్వర్లు. ఒక్కోదానిలో 8 వర్కర్లు (పనిచేసే ప్రాసెస్‌లు), వర్కరుకు 4 త్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు), మొత్తం 64. మా యాప్ రాసిన ఫ్రేమ్‌వర్క్ జాంగోలో కనెక్షన్‌ను పది నిమిషాలపాటు తెరిచే ఉంచమని చెప్పాం కాబట్టి ఒక్కో త్రెడ్డు ఒక్కో కనెక్షన్‌ను చంకలో పెట్టుకుని కూర్చునేది. ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రాసెస్‌లకు మరో 20, రిపోర్టులకు 10. అంతా కలిపితే 94. అంచుకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నామని తెలియకుండా ఏడాదిన్నర హాయిగా గడిపాం.

దసరా రద్దీ వస్తోందని ముందుజాగ్రత్త పడి మూడో యాప్ సర్వరు పెట్టాను. అంటే మరో 32. కూడిక నాలుగో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు: 126. ఆ సాయంత్రం బస్సుల యజమాని ఒకాయన ఫోను చేశారు. మేం బాబాయిగారు అని పిలుస్తాం. “బాబూ, కంప్యూటరు సారీ చెబుతోంది. నేను ప్యాసింజర్లకు ఏం చెప్పను?” అన్నారు. ఆయన ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. తీరా చూస్తే, క్లయింట్లు మరీ ఎక్కువయ్యారని చెప్పే పోస్ట్‌గ్రెస్ సందేశం నిజంగానే సారీతో మొదలవుతుంది. మా తెర దాన్ని ఉన్నదున్నట్టు చూపించేది. రద్దీ తట్టుకోవడానికి నేను పెట్టిన సర్వరే రద్దీని కూల్చింది.

అప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. హద్దును 500కు పెంచాను. ఈ మార్పుకు డేటాబేసును ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే, నడుస్తుండగా కుదరదు. ఆపాను, పెంచాను, ఊపిరి పీల్చుకున్నాను. రాత్రి పదకొండింటికి కౌంటర్లన్నీ ఒకేసారి రోజువారీ లెక్కలు తీయడం మొదలుపెట్టాయి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక విడి ప్రాసెస్. పైగా రిపోర్టులు త్వరగా రావాలని వర్క్ మెమరీని 4 ఎంబీ నుంచి 64 ఎంబీకి పెంచిన ఘనుణ్ణి నేనే. అది కనెక్షన్‌కు ఒకసారి తీసుకునే మెమరీ అని అప్పట్లో నా భ్రమ. ఒకే క్వెరీలో (డేటాబేసును అడిగే ప్రశ్నలో) సార్టులు, అంటే వరుసలో పేర్చే పనులు, మూడుంటే మూడుసార్లు అంత మెమరీ పట్టవచ్చు. మాది 8 జీబీ మిషను. మెమరీ నిండగానే లినక్స్ ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపేసింది. ఒక్కటి అలా చస్తే పోస్ట్‌గ్రెస్ అనుమానంతో మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీకి పోతుంది. అరగంటలో అది రెండుసార్లు జరిగింది.

ఆ రాత్రే పీజీబౌన్సర్ ఎక్కించాను. 2007లో స్కైప్ వాళ్ళ దగ్గర పుట్టిన చిన్న ప్రోగ్రాం ఇది, ఉచితం. ఇది చేసే పని తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు, పెళ్ళిలో బంతి భోజనాలే. వచ్చినవాళ్ళు వెయ్యిమంది ఉన్నా వెయ్యి విస్తళ్ళు ఒకేసారి వేయరు. ఇరవై వేస్తారు, ఇరవైమంది తిని లేస్తారు, తర్వాతి ఇరవైమంది కూర్చుంటారు. వడ్డించేవాళ్ళు నలుగురే ఉన్నప్పుడు విస్తళ్ళు పెంచితే అందరి అన్నమూ చల్లారుతుంది. మాకు ఉన్న ప్రాసెసర్ కోర్లు నాలుగే. క్లయింట్లు పీజీబౌన్సర్ 6432 పోర్టుకు వస్తాయి. అది లోపల ఇరవై అసలు కనెక్షన్లనే ఉంచుకుని, ఒక ట్రాన్సాక్షన్ (అంతా జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట) ముగిసిన వెంటనే ఆ కనెక్షన్‌ను వరుసలో ఉన్న మరొకరికి ఇస్తుంది. ట్రాన్సాక్షన్ మోడ్ అంటే ఇదే. అడగకపోతే వచ్చేది సెషన్ మోడ్. అందులో క్లయింటు వెళ్ళిపోయేదాకా కనెక్షన్ దానిదే, అంటే మా లాంటి వాళ్ళకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎక్కించడం పావుగంట పని, గొడవలు తర్వాత. పీజీబౌన్సర్‌కు దాని సొంత క్లయింట్ల హద్దు ఒకటి ఉంది, అదీ 100. అంటే 101వ క్లయింటును ఈసారి పోస్ట్‌గ్రెస్ బదులు పీజీబౌన్సర్ గెంటేస్తుంది. దాన్ని 1000 చేశాను. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెరిచి ఉంచగల ఫైళ్ళ హద్దునూ పెంచాల్సి వచ్చింది, అది 1024 దగ్గర ఉంది. ఇంకొకటి, పూల్ సైజు (లోపల ఉంచుకునే అసలు కనెక్షన్ల సంఖ్య) మొత్తానికి కాదు, ఒక్కో డేటాబేసు-యూజరు జంటకు. మాకు యూజర్లు ముగ్గురు. ఇరవై అనుకున్నది అరవై అయి కూర్చుంది. ఇది నేను వారం తర్వాత గానీ గమనించలేదు.

పద్నాలుగో సీటు సంగతికి వస్తాను. ట్రాన్సాక్షన్ మోడ్ పెట్టిన మూడో రోజు ఇచ్ఛాపురం కౌంటరు కుర్రాడు ఫోను చేశాడు. “అన్నయ్యా, విశాఖ బస్సులో పద్నాలుగో సీటు ఎవరో పట్టుకుని వదలడం లేదు. బుక్ కాదు, ఖాళీ అనీ చూపదు.” బస్సు బయలుదేరింది, ఆ సీటు ఖాళీగానే పోయింది. ఒకే సీటు ఇద్దరికి అమ్మకుండా ఉండేందుకు నేను సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్, అంటే మనం తీసేదాకా గానీ కనెక్షన్ తెగేదాకా గానీ ఉండే తాళం, వాడేవాణ్ణి. లాక్ వేసిన కనెక్షన్ ఒకటి. ట్రాన్సాక్షన్ ముగిసింది, పీజీబౌన్సర్ ఆ కనెక్షన్‌ను ఇంకొకరికి ఇచ్చేసింది. లాక్ తీయమని నా ప్రోగ్రాం అడిగింది మరో కనెక్షన్‌ను. నా దగ్గర అలాంటి తాళమే లేదు పొమ్మంది అది. అసలు తాళం ఎవరి కంటా పడకుండా పూల్‌లో తిరుగుతూనే ఉంది. ట్రాన్సాక్షన్‌తో పాటే దానంతటదే విడిపోయే రకం లాక్‌కు మారాక ఆ రోగం పోయింది. కానీ ఆ వారం రోజులూ బాబాయిగారు నన్ను పేరుపెట్టి పిలవలేదు, “ఏమయ్యా పద్నాలుగూ” అనేవారు.

ఇదే జాతి చిక్కులు ఇంకా రెండు తగిలాయి. జాంగోలో పెద్ద రిపోర్టులు సర్వర్ వైపు కర్సర్లతో (ఎక్కడిదాకా చదివామో డేటాబేసు పెట్టుకునే గుర్తులతో) ముక్కలు ముక్కలుగా తెచ్చుకునేవాళ్ళం. రెండో ముక్కకు వెళ్ళేసరికి కర్సర్ లేదనే తప్పు వచ్చేది. జాంగోలో వాటిని ఆపే సెట్టింగు ఉంది, ఒక్క పంక్తి. రెండోది, రిపోర్టు కోసం క్వెరీ సమయ పరిమితిని ఎత్తేస్తూ ఇచ్చిన సెట్ ఆదేశం ఆ కనెక్షన్‌కు అంటుకుని తర్వాత వచ్చినవాడికీ వర్తించేది. దాన్ని ట్రాన్సాక్షన్ వరకే పరిమితం చేసే సెట్ లోకల్‌కు మార్చాం. మీ ప్రోగ్రాంలో సెషన్ అంతా గుర్తుండాలని చేసిన ఏర్పాట్లు, అంటే తాత్కాలిక టేబుళ్ళు, లిజన్ (డేటాబేసు పంపే కబుర్ల కోసం వింటూ ఉండే ఆదేశం) వంటివి ఉంటే ముందే ఏరిపెట్టుకోండి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ల (ముందే సిద్ధం చేసి మళ్ళీ మళ్ళీ వాడే క్వెరీల) బాధ మాత్రం 2023లో వచ్చిన పీజీబౌన్సర్ 1.21తో తీరింది. అంతకు ముందు ట్రాన్సాక్షన్ మోడ్‌లో ప్రోటోకాల్ స్థాయిలోనూ అవి పనిచేసేవి కావు.

ఇక అసలు పరీక్ష 2023 చైత్రంలో వచ్చింది. మా ఊళ్ళో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకు ఒకసారి. అమ్మవారు దేశిబెహరా వీధికి, అంటే పుట్టింటికి వస్తుంది. వారాల తరబడి ఊరంతా వేషాలే, రాత్రంతా జనమే. సూరత్ మగ్గాల్లో పనిచేసే గంజాం కుర్రాళ్ళు, విశాఖలో స్థిరపడిన మా చుట్టాలు, అందరూ ఇటే బయలుదేరతారు. సాయంత్రం ఏడు గంటలకు టికెట్లు మళ్ళీ ఆగాయి. పీజీబౌన్సర్ అడ్మిన్ కన్సోల్‌లో షో పూల్స్ అని కొట్టాను. పనిలో ఉన్న సర్వర్ కనెక్షన్లు 20, ఖాళీగా ఉన్నవి 0, వరుసలో ఎదురుచూస్తున్న క్లయింట్లు 140. ముందున్నవాడు అప్పటికి 38 సెకన్లుగా నిలబడి ఉన్నాడు. సరే, సర్వరు చెమటోడుస్తోంది అనుకుని సీపీయూ చూస్తే 12 శాతం. వంటవాళ్ళు గోళ్ళు గిల్లుకుంటున్నారు, బయట 140 మంది ఆకలితో ఉన్నారు, ఇరవై విస్తళ్ళూ నిండి ఉన్నాయి. మరి తింటున్నది ఎవరు?

పోస్ట్‌గ్రెస్‌లో ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ చూశాను. ఇరవైలో పదిహేడు కనెక్షన్ల స్థితి ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్. తినడం అయిపోయింది, చేయి ఎండిపోయింది, విస్తరి ముందు కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నారన్నమాట. అన్నిటి చివరి క్వెరీ ఒకటే, సీటును అప్‌డేట్ చేసేది. జాంగోలో ప్రతి రిక్వెస్టును ఒక ట్రాన్సాక్షన్‌లో చుట్టే సెట్టింగును భద్రంగా ఉంటుందని మొదటి రోజే నేను ఆన్ చేసి మరచిపోయాను. సీటు రాసి, కమిట్ చేయకుండానే (ట్రాన్సాక్షన్‌ను ఖాయం చేసి ముగించకుండానే), పేమెంటు గేట్‌వేకు కాల్ వెళ్ళేది. మామూలు రోజుల్లో దానికి రెండు సెకన్లు. ఆ రోజు అటువైపూ రద్దీ, పదిహేను, ఇరవై సెకన్లు. అంతసేపూ మా కనెక్షన్ ఎవరికో చెందిన సర్వరు జవాబు కోసం చేతులు కట్టుకుని నిలబడేది.

ఆ రాత్రి పూల్ సైజు 20 నుంచి 60 చేసి గండం గట్టెక్కాను, ఒప్పుకుంటాను. మర్నాడు కోడు మార్చాను. ఇప్పుడు సీటు మీద ఏడు నిమిషాల పట్టు అని టేబుల్‌లో ఒక వరుస రాసి వెంటనే కమిట్ చేస్తాం. గేట్‌వేతో మాట్లాడేటప్పుడు చేతిలో కనెక్షన్ ఉండదు. డబ్బు అందాక రెండో చిన్న ట్రాన్సాక్షన్‌లో సీటు ఖాయం. ఇంకెక్కడైనా ఇలాంటి కోడు మిగిలి ఉంటే పట్టుబడాలని, ట్రాన్సాక్షన్‌లో 15 సెకన్లు ఊరికే కూర్చున్న సెషన్‌ను తెంచేయమని పోస్ట్‌గ్రెస్‌కు చెప్పాం. ఆ సెట్టింగు పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచీ ఉంది, నాకే తెలియదు. తర్వాత పూల్‌ను 60 నుంచి 20కి, అక్కడి నుంచి 12కు తగ్గించాను. 2025 యాత్రకు కౌంటర్లు దాదాపు రెట్టింపు అయ్యాయి, ఆ పన్నెండుతోనే నడిచింది. వరుసలో అత్యధిక నిరీక్షణ నేను చూసినంతలో ఒక సెకను దాటలేదు.

ఈ సాధనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ కన్సోలే. కనెక్షన్లు చాలలేదని ఒక్క మాటతో కొట్టిపారేసే చోట, ఎవరు తింటున్నారో ఎవరు నిలబడ్డారో విడివిడిగా చూపించింది. ఆ తర్వాత పాజ్, రెజ్యూమ్. పోస్ట్‌గ్రెస్ చిన్న వెర్షన్ మార్చాల్సి వచ్చినప్పుడు రాత్రి రెండింటికి పాజ్ అంటాను. నడుస్తున్న ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా ఆగి, కొత్తవాటిని వరుసలో నిలబెడుతుంది. డేటాబేసు ఆపి, మొదలుపెట్టి, రెజ్యూమ్ అనేసరికి పదిసెకన్లు. కౌంటరు కుర్రాడికి నెట్టు కొంచెం మెల్లగా ఉందనిపిస్తుంది, అంతే. మెమరీ సంగతి చెప్పక్కర్లేదు, క్లయింటుకు 2 కేబీ చొప్పున అని దాని పత్రాల్లో రాసి ఉంది. మా దగ్గర మొత్తం ప్రాసెస్ ఎప్పుడూ పాతిక ఎంబీ దాటలేదు.

నచ్చనివీ ఉన్నాయి. వరుసలో ఎంతసేపు నిలబెట్టాలన్న పరిమితి మొదట 120 సెకన్లుగా ఉంటుంది. బస్సు హారన్ కొడుతుంటే రెండు నిమిషాలు ఎవరు ఆగుతారు? కుర్రాళ్ళు మళ్ళీ నొక్కుతారు, వరుస ఇంకా పెరుగుతుంది. 15 చేసుకున్నాం. పోస్ట్‌గ్రెస్ లాగుల్లో క్లయింట్లందరి చిరునామా పీజీబౌన్సర్‌దే అయిపోతుంది. ఏ కౌంటరు గోల చేస్తోందో తెలియక రెండు నెలలు తంటాలు పడ్డాక, అప్లికేషన్ పేరుకు అసలు చిరునామా తగిలించే సెట్టింగు కనబడింది. ఒక్క ప్రాసెస్ ఒక్క కోరునే వాడుతుంది. మా స్థాయికి అది సమస్య కాదు కానీ పెద్ద సంస్థలు రెండు మూడు ప్రాసెస్‌లు పక్కపక్కన నడపాల్సి వస్తుంది. పాస్‌వర్డుల ఫైలు చేత్తో నింపడం మాత్రం నాలుగేళ్ళ తర్వాత కూడా చిరాకే. యూజరు పాస్‌వర్డు మార్చి ఇక్కడ మార్చడం మరచిన రోజులు లెక్కలేనన్ని. దీనికి వేరే దారి ఉంది, క్వెరీతో తెచ్చుకోవచ్చు. బద్ధకం నాది.

ఒకే యాప్ సర్వరు, పది పదిహేను కనెక్షన్లు ఉన్నవాళ్ళకు ఇది అక్కర్లేదు. జాంగో 5.1 నుంచి దాని లోపలే పూల్ ఉంది, అది చాలు. సర్వర్లు రెండు మూడై, ఒక్కోటి తన పూల్ తాను తెరుచుకుంటూ కూడిక ఎవరూ చేయని చోట పెట్టుకోండి. పెట్టేముందు పీజీ స్టాట్ యాక్టివిటీలో ఆ పనిలేకుండా కూర్చున్నవాళ్ళను ఒకసారి లెక్కపెట్టండి. నేను ఆ లెక్క 2021లోనే చూసి ఉంటే రెండేళ్ళు ముందే బయటపడేవాణ్ణి.

ఐదు చుక్కల్లో నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తీసేసింది పాస్‌వర్డుల ఫైలుకు. పద్నాలుగో సీటు తప్పు నాది, అయినా బాబాయిగారు మాత్రం ఇప్పటికీ విశాఖ బస్సు ఎక్కితే ఆ సీటే అడుగుతారు.