‘వెళ్లిపోయారు’, ‘వెళ్లగొట్టారు’: ఏది ఎప్పుడు రాయాలి

“1948 జులైలో పాలస్తీనా అరబ్బుల ఊళ్లైన లిద్దా, రమ్లే జనం ఊళ్లు వదిలి వెళ్లారు” అంటే పంపినవాళ్లు వాక్యంలోంచి మాయమవుతారు. “ఇజ్రాయెల్ సైన్యం వెళ్లగొట్టింది” అనే రాయాలి. లిద్దా వాసులను వయసు చూడకుండా త్వరగా పంపేయమన్న ఉత్తర్వు మీద అప్పటి ఇజ్రాయెల్ సైనికాధికారి (తర్వాత ప్రధాని) ఇత్జాక్ రబీన్ సంతకం ఉంది. రెండు ఊళ్లలో కలిపి 50,000కు పైగా మనుషులు. లిద్దా వాళ్లు మండుటెండలో నడిచారు. దాహంతో దారిలోనే కొందరు చనిపోయారు.

2023 అక్టోబరు 13న దక్షిణానికి వెళ్లమంటూ ఉత్తర గాజా జనానికి ఇజ్రాయెల్ సైన్యం ఇచ్చిన ఆదేశాన్ని చాలా వార్తలు ‘ఖాళీ చేయించడం’ అన్నాయి. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం చేసిన నాలుగో జెనీవా ఒప్పందం 49వ అధికరణం అలా ఖాళీ చేయించడాన్ని ప్రజల భద్రతకో, తప్పనిసరి సైనిక అవసరానికో మాత్రమే ఒప్పుకుంటుంది. వసతి, తిండి చూడాలి, అక్కడ పోరు ఆగగానే ఇళ్లకు చేర్చాలి. ఈ షరతులు తప్పితే అది ‘బలవంతపు తరలింపు’.

హైఫా నగరం (1948 ఏప్రిల్) వేరు: అక్కడి అరబ్బులు వెళ్లడంలో యూదు సేనల దాడి, భయం, స్థానిక అరబ్ నాయకుల నిర్ణయం కలిసిపోయాయి, అన్నీ చెప్పాలి.